లేని మోటారుకి ముహూర్తం

ఇప్పుడంటే ఎవరు ఏమడిగినా "చూసి చెబుతానండీ" అనడం నేర్చుకున్నాను గానీ, ఆ రోజుల్లో నా నోటి వెంట ఆ మాట విన్నవాళ్లు లేరు. విజయనగరంలో ఇంజనీరింగు ముగించి, పట్టా చేతికొచ్చిన కొత్త. ఈ ప్రపంచంలో నాకు తెలియనిదంటూ ఏదైనా మిగిలితే, అది సిలబస్‌లో లేనిదే అయ్యుంటుందని గట్టిగా నమ్ముతూ తిరిగేదాన్ని. ఆ నమ్మకం మా ఇంట్లో ఎవరి దగ్గర నుంచీ నాకు రాలేదు. మాది కోటబొమ్మాళిలో ఇనప సామాను కొట్టు. నాన్న పొద్దున్నే తాళం తీసి, మేకులూ గడియలూ బోల్టులూ తూచి ఇచ్చి, ఎవరైనా గట్టిగా బేరమాడితే "సరే, మీ ఇష్టం" అనేసే మనిషి. ఆయన చెయ్యి మంచిదని ఊళ్లో పేరు. కొత్తగా కొట్టు ఎవరు తెరిచినా మొదటి బోణీ నాన్న చేతే చేయించేవారు. (అలా బోణీ చేసి తెచ్చిన ప్లాస్టిక్ డబ్బాలు, పూసల దండలు, ఇంట్లో ఏ కాలికీ పట్టని చెప్పులు మా అటక నిండా ఉండేవి.)

అలాంటి నాన్న కూతురికి శృంగవరపుకోట రోడ్డు మీద ఒక రేకుల షెడ్డులో ఉద్యోగం దొరికింది. దొరికిందనడం కూడా గొప్పకే. ఆ షెడ్డు అమ్మకి వరసకి అన్నయ్యయ్యే ఒకాయనది, అంటే నాకు మావయ్య. పాత లేత్ మిషన్లు కొని, వాటికి మోటార్లూ కంప్యూటరూ తగిలించి, మనిషి చెయ్యి పెట్టకుండా వాటంతట అవే పనిచేసేలా మార్చి అమ్మడం ఆయన వ్యాపారం. లోకంలో ఏ తేడా వచ్చినా ఎక్కడో ఏదో వదులైపోవడం వల్లే వస్తుందని ఆయన సిద్ధాంతం. మిషను మూలిగితే టైట్ చెయ్యమనేవాడు, పనివాళ్లు ఆలస్యమైతే టైట్ చెయ్యాలనేవాడు, అత్తయ్య పెట్టిన పులుసు పల్చగా ఉంటే అదీ కొంచెం టైటుగా ఉండాల్సిందనేవాడు. అందుకని షెడ్డులోనూ బంధువుల్లోనూ ఆయన పేరు టైట్ మావయ్య. కంప్యూటరు పక్కన కూర్చునే పని నాకప్పజెప్పాడు. అది ఎంతకాలమన్నది మాత్రం చెప్పలేదు.

ఉద్యోగం సంగతి చెప్పగానే నాన్న త్రాసు పక్కన పెట్టేశాడు. "ఆడగుంటవి, ఆ గ్రీజులోన ఏటి సేస్తావే? శ్రీకాకుళంలో బేంకు కోచింగుకి సీటు సెప్పి ఉంచినాను."

"నేను గ్రీజు ముట్టుకోను నాన్నా. మిషను ఎలాగ నడవాలో కంప్యూటరుకి సెప్తాను, అంతే."

"సెప్తే ఇంటాదేటి?"

"నేను సెప్తే ఇంటాది."

అప్పటికి మా ఊరి వైపు వాళ్లే ఒకరు మావయ్య దగ్గర మిషను కొనడానికి మాట్లాడుకుని ఉన్నారు. రైసు మిల్లులకి కావలసిన షాఫ్టులూ బోల్టులూ చేసి అమ్మే ఆయన, నాన్న కొట్టుకి ఎదురు వరసలోనే ఉంటాడు, మేమంతా మిల్లాయన అనేవాళ్లం. షెడ్డులో కంప్యూటరు పెట్టిన లేత్‌కి వచ్చిన మొదటి బేరం అది. నాన్న దాన్ని పట్టుకున్నాడు. "మిల్లాయన మిషను ముహూర్తానికి నేనూ వస్తాను. నా కళ్లెదట తిరిగిందా, ఉండు. తిరగలేదా, అదే కారులో నాతో ఎలిపొచ్చీ." నేను సరేనన్నాను. ఎందుకనను? నేను చెబితే మిషను వినదనే అనుమానం నాకు లేదు కదా.

లేత్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. ఇనపకడ్డీని మూడు దవడలతో కరిచి పట్టుకుని గిరగిరా తిప్పే భాగం ఒకటుంటుంది, దాన్నే స్పిండిల్ అంటారు. తిరుగుతున్న కడ్డీ పక్కనుంచి కోసే టూలు మెల్లగా జరుగుతూ చెక్కుకుంటూ పోతుంది. బోల్టు మీద మెలికలు తిరిగే గాడి, అదే మర, వెయ్యాలంటే స్పిండిల్ ఎంత తిరిగిందో సరిగ్గా అంత మేరకే టూలు జరగాలి. ఒకరు ముందూ ఒకరు వెనకా అయితే బోల్టు చెత్తబుట్టలోకే. ఆ జోడీ కుదర్చడమే కంప్యూటరు పని. ఇక మా షెడ్డులో సంగతేమిటంటే టూలుని జరిపే చిన్న మోటార్లు ఉన్నాయి, కంప్యూటరుంది, నేనున్నాను. స్పిండిల్‌ని తిప్పే పెద్ద మోటారు మాత్రం లేదు. దానికి కొత్తగా తీగ చుట్టించాలని విశాఖపట్నం పంపారు. ఎప్పుడు ఫోను చేసినా "లారీకెత్తించేస్తన్నాం" అనే జవాబు.

మోటారు వచ్చేదాకా గోళ్లు గిల్లుకుంటూ కూర్చునే రకాన్ని కాను. లేని స్పిండిల్‌ని కంప్యూటరు లోపలే పుట్టిస్తానన్నాను. అంటే, నిజం స్పిండిల్ స్థానంలో ఒక ఉత్తుత్తి స్పిండిల్‌ని రాసి పెడతాను, మిగతా ప్రోగ్రామంతా దానితో మాట్లాడుకుంటూ అసలు స్పిండిలే ఉందనుకుని నడుస్తుంది, తప్పులుంటే ఇప్పుడే బయటపడతాయి. మావయ్య అంతా విని, "మరయితే బోల్టులు కూడా లోపలే సేసీ, ఇనపకడ్డీల ఖర్చుండదు" అన్నాడు. కాస్త వెటకారం ఉందని అప్పుడు నాకు తోచలేదు.

మొదటిసారి రాసినదాన్ని తలచుకుంటే ఇప్పటికీ నాకు నా మీద ముద్దొస్తుంది. ఉత్తుత్తి స్పిండిల్ అచ్చం స్పిండిల్‌లాగే ఉండాలని పట్టుబట్టాను. మోటారు వేడెక్కితే ఏమవుతుందో రాశాను, బెల్టు జారితే ఏమవుతుందో రాశాను, గ్రీజు గట్టిపడే చలికాలం గురించి రాశాను. (శృంగవరపుకోటలో గ్రీజు గట్టిపడేంత చలి ఎప్పుడు వేసిందని మీరు అడగొచ్చు. నేను అడగలేదు.) స్పిండిల్ చుట్టూ ఉండే కొలత గీతల్లో ప్రతి ఒక్కటీ ఎప్పుడు దాటిందో లెక్కగట్టేలా రాశాను. అంతా అయ్యాక దర్జాగా మావయ్యని పిలిచి మీట నొక్కాను. టూలు నున్నగా జరగాల్సింది పోయి గజగజ వణుకుతూ, ఆగుతూ, ఒక్కసారిగా ఎగిరి పడుతూ బయల్దేరింది.

"ఏటే అమ్మీ, మిషనుకి సలిజొరం ఎత్తిందేటి?" అన్నాడు మావయ్య, అన్నవాడు ఊరుకోకుండా పానా తీసుకుని అందిన ప్రతి బోల్టునీ టైట్ చేశాడు. జ్వరం తగ్గలేదు.

తప్పు బోల్టుల్లో లేదని నాకు తెలుసు. టూలుని నడిపే ప్రోగ్రాము రెప్పపాటు కాలంలో ఎన్నోసార్లు చుట్టూ చూసుకుని, టూలు ఎక్కడుంది, ఎక్కడికి పోవాలి అని తేల్చుకోవాలి. ఆ కంప్యూటరేమో ఎవరి ఆఫీసులోనో వాడి వాడి విసిగి అమ్మేసినది. పాపం దాని సమయమంతా నా స్పిండిల్‌కి వచ్చే జ్వరాలూ జలుబులూ లెక్కెయ్యడానికే సరిపోతోంది, టూలు సంగతి చూసేసరికి ఆలస్యమైపోతోంది. రాసినదాంట్లో ఏది తీసెయ్యాలో తెలియక తల పట్టుకుని కూర్చుంటే అమ్మ ఫోను చేసింది. రోజూ అడిగే మూడు ప్రశ్నలే అడిగింది. "తిన్నావా? బస్సు దొరికిందా? ఒంట్లో బాగున్నాదా?" నేను రోజూ చెప్పే మూడు జవాబులే చెప్పాను. ఆ రోజు బస్సూ దొరకలేదు, తిననూ లేదు. అయినా అమ్మ తృప్తిగా ఫోను పెట్టేసింది. పెట్టేశాక నాకు వెలిగింది. ప్రోగ్రాము మాత్రం స్పిండిల్‌ని ఏమడుగుతుంది గనక? ఎంత జోరుగా తిరుగుతున్నావు, ఇప్పటిదాకా ఎంత తిరిగావు, అడిగిన జోరు అందుకున్నావా, అంతే కదా. ఈ మూడింటికి నమ్మకంగా జవాబు చెప్పగలిగితే చాలు, లోపల మోటారు వేడెక్కిందో చల్లబడిందో ఎవడికి కావాలి? రాసిందంతా కొట్టేసి నాలుగు ముక్కలు రాశాను. అడిగిన జోరు పట్టుకో. ప్రతిసారీ దానికి తగినంత తిరిగినట్టు కలుపుకుంటూ పో. చుట్టు పూర్తయినప్పుడల్లా ఒక గుర్తు ఇవ్వు. "అందుకున్నాను" అనే మాట మాత్రం ఎగబడి చెప్పకు, బరువైన స్పిండిల్ మెల్లగా జోరందుకున్నట్టే కాసేపాగి చెప్పు.

మళ్లీ మీట నొక్కితే టూలు నూనె పోసినట్టు జారింది. నాకప్పుడు కలిగిన గర్వం ఇప్పుడు చెప్పినా తక్కువే. పెద్ద పెద్దవాళ్లు దాన్ని సమర్థంగా అనుకరించడం అంటారని తర్వాత తెలిసింది, అప్పటికి నేను దాన్ని అమ్మకి ఫోన్లో చెప్పే జవాబనుకునేదాన్ని.

అయితే మరీ బాగా అబద్ధమాడినా చిక్కే. తెర మీద స్పిండిల్ జోరు సున్నా నుంచి మెల్లగా పెరుగుతూ నిమిషానికి ఐదువందల చుట్ల దాకా పోయి, అక్కడ కాస్త అటూ ఇటూ ఊగి నిలబడేది. ఒక మధ్యాహ్నం దాన్ని అలాగే తిరగనిచ్చి అన్నం క్యారేజీ విప్పుకున్నాను. పనివాడొకడు మిషను దవడల మీద పడ్డ దుమ్ము తుడవబోతే మావయ్య షెడ్డు ఆ చివరి నుంచి కేకేశాడు. "ఒరే, సెయ్యెట్టకురా! తిరగతన్నాది, కనబడ్డం నేదా!" పాపం వాడు ఎగిరి దూకాడు. ఒక్క క్షణం తర్వాత మావయ్యకీ గుర్తొచ్చింది, ఆ మిషనుకి మోటారే లేదని. అయినా సరే, నేను అన్నం మధ్యలో లేచి ఉత్తుత్తి స్పిండిల్‌ని ఆపితే గానీ దుమ్ము తుడవనివ్వలేదు. ఆయన మావయ్య అవడం వల్ల నవ్వు ఆపుకున్నాను గానీ, ఆ పూట పెరుగన్నం రుచే వేరు.

ముహూర్తం మోటారు రాకని బట్టి పెట్టింది కాదు. మిల్లాయన తల్లి, ఊరందరికీ మిల్లు మామ్మ, పంచాంగం చూసి పెట్టించింది. ఆవిడ ఊ అననిదే ఆ ఇంట్లో దీపం బల్బు కూడా మార్చరు. మోటారు ఇంకా రాలేదు, రెండ్రోజులు ఆగుదామని మావయ్య బతిమాలుకున్నాడు. "ఆగితే మూఢం వచ్చేస్తాది. మూఢంలో ముహూర్తమేటి? అలాగయితే మరో సోట సూసుకుంతాం" అని ఫోన్లోనే తేల్చేసింది. మావయ్య ముఖం వాడిపోయింది. మొదటి బేరం పోతే రెండోది రాదని ఆయన బాధ. అప్పుడు నేను, ఎవరూ అడక్కుండానే, "వాళ్లని రానీండి మావయ్యా. మోటారు ఉన్నా లేకపోయినా ముహూర్తానికి మిషను నడుస్తాది" అన్నాను. ఎంత ధీమాగా అన్నానంటే ఆయన నిజంగానే వెళ్లి మామిడాకులు తెప్పించాడు.

ముహూర్తం రోజున మోటారు రాలేదు, మిల్లాయన కారొచ్చింది. మిల్లాయన, మామ్మ, వాళ్ల వెనక ఇస్త్రీ చొక్కాలో నాన్న దిగారు. నాన్న షెడ్డంతా కలయజూసి, నా బట్టల మీద గ్రీజు ఉందా అని చూసి, లేకపోయేసరికి కాస్త నిరాశపడ్డట్టు కనిపించాడు. కారు డిక్కీ తెరిచి ఉంది. నా పెట్టె పట్టేంత చోటు అందులో ఖాళీగా ఉంచారని నాకు అర్థమైంది.

మావయ్య మోటారు సంగతి దాచలేదు, అదొక్కటీ తప్ప అంతా సిద్ధమేనన్నాడు. "మెదడుకి ముహూర్తం సేసేద్దాం, కాళ్లు రేపొస్తాయి" అన్నాడు పాపం. మామ్మ పూజ మొదలెట్టేసింది. కంప్యూటరుకి బొట్టు పెట్టింది, మౌసుకి పువ్వు పెట్టింది. ఇక నిమ్మకాయ. "కొత్త బండయితే సక్రం కింద ఎడతాం. దీనికి సక్రాలేవి?" అని చుట్టూ చూసి, స్పిండిల్ దవడల మధ్య పెట్టమంది. పెట్టడం మావయ్య వంతు. ఆయన చేతికి దవడలు బిగించే తాళం దొరికాక ఏమవుతుందో మీకు తెలుసు. టైట్ చేశాడు. నిమ్మకాయ ఫట్టుమని పేలి రసమంతా నాన్న ఇస్త్రీ చొక్కా మీద పడింది. మామ్మ మరొకటి ఇస్తూ, "నాయినా, అది దేవుడి కాయ, నీ బోల్టు కాదు" అంది. రెండోది సగం బయటికి కనబడేలా కుదురుగా కూర్చుంది.

నేను మీట నొక్కాను. తెర మీద నా ఉత్తుత్తి స్పిండిల్ ఠీవిగా జోరందుకుంది. నూరు, రెండొందలు, అయిదొందలు. మామ్మ తెర వైపు చూడలేదు, నిమ్మకాయ వైపే చూసింది. "ఏదే అమ్మీ, తిరగతం నేదు?"

"లోపల తిరుగుతన్నాది మామ్మా. ఈ అంకె సూడండి."

"అంకెకి కాదమ్మా నేను మొక్కింది."

మిల్లాయన తల గోక్కున్నాడు. మావయ్య అలవాటుగా పానా కోసం తడుముకున్నాడు. అప్పుడు నాన్న, కోపంగా కూడా కాదు, కొట్టులో ఇత్తడి గడియ పట్టుకుని ఇది అసలా నకిలీనా అని చూసేటప్పటి గొంతుతో అడిగాడు. "తిరగనిదాన్ని తిరుగుతన్నాదని సెప్పడమేనా అమ్మీ, నీ ఉజ్జోగం?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ కారు డిక్కీ కూడా కనిపించింది, దాంతో నీళ్లు వెనక్కి పోయాయి. స్పిండిల్‌ని ఒకసారి పైనుంచి కింద దాకా చూశాను. మోటారు లేదు, నిజమే. కానీ స్పిండిల్ ఎంత తిరిగిందో కనిపెట్టి కంప్యూటరుకి చెప్పే చిన్న పరికరం దాని వెనక బిగించే ఉంది. మోటారు రాలేదు కదా అని దాన్ని ఇన్నాళ్లూ ఎవరూ పలకరించలేదు. ప్రోగ్రాముకి కావలసినవి మూడు జవాబులు. అందులో 'అడిగిన జోరు అందుకున్నావా' అన్నదానికి నా ఉత్తుత్తి స్పిండిల్ ఎప్పటిలాగే అందుకున్నానని అబద్ధం చెబుతుంది. 'ఎంత తిరిగావు' అన్నదానికి మాత్రం నిజం స్పిండిల్ చేతే నిజం చెప్పిద్దాం. దాన్ని మోటారే తిప్పాలని ఎక్కడుంది? ఎవరు తిప్పినా తిరగడం తిరగడమే.

"మామ్మా, తిరుగుతాది. నిజంగా తిరుగుతాది. ఎవరైనా సేత్తో తిప్పాలి" అన్నాను, కీబోర్డు మీద అప్పటికే చేతులు పరిగెడుతున్నాయి.

మావయ్య చొక్కా చేతులు మడవబోయాడు. మామ్మ ఆపింది. "నువ్వొద్దు నాయినా, నువ్వు నలిపీగలవు." కొడుకుని కూడా ఆపింది, కొనేవాడు తిప్పకూడదట. తర్వాత నాన్న వైపు తిరిగింది. "బాబూ, కోటబొమ్మాళిలో కొట్టెవుడెట్టినా నీ సేతే కదా బోణీ. నువ్వు తిప్పు. నీ సెయ్యి మంచిది."

నాన్న మింగలేక కక్కలేక నిలబడ్డాడు. బోణీకి పిలిస్తే కాదనడం ఆయన ఎరగడు, అది ఆయన మర్యాద. కూతుర్ని వెనక్కి తీసుకుపోదామని వచ్చిన మనిషి, నిమ్మరసం చొక్కా మడిచి, మిషను ఎడమ చివరికెళ్లి, బెల్టు ఉండాల్సిన పెద్ద చక్రం మీద రెండు చేతులూ వేశాడు. టూలు దగ్గరికి ఎవరినీ రానివ్వకుండా మావయ్య అడ్డంగా నిలబడ్డాడు. అక్కడి నుంచి నాన్నకి టూలు కనిపించదు.

"తిప్పు నాన్నా."

నాన్న తిప్పాడు. టూలు కదల్లేదు. "సూసినావా? నేనన్నానా!" అన్నాడు, కానీ తిప్పడం ఆపలేదు. టూలు ఎందుకు ఆగిందో నాకు తెలుసు. చుట్టు మొదలయ్యే గుర్తు దాటే దాకా అది బయల్దేరదు, అలా అయితేనే మర ప్రతిసారీ ఒకే చోట పడుతుంది. గుర్తు దాటింది. టూలు కదిలింది. నిమ్మకాయ తోలు మీద సన్నటి గాడి గీసుకుంటూ బయల్దేరింది.

"కదిలింది!" అని మిల్లాయన అరిచాడు. ఏమైందో చూద్దామని నాన్న చక్రం వదిలేసి మెడ సాచాడు. టూలు అక్కడికక్కడ ఆగిపోయింది.

"ఆగిపోనాదేటి?"

"నువ్వాగినావు, అదీ ఆగింది నాన్నా. మళ్లీ తిప్పు."

నాన్న అనుమానంగా ఒక చెయ్యి చక్రం మీద ఉంచి, మెడ అలాగే సాచి, అరచేతి వెడల్పంత తిప్పాడు. టూలు గోరంత జరిగింది. ఇంకొంచెం తిప్పాడు. ఇంకొంచెం జరిగింది. జోరుగా తిప్పాడు. జోరుగా పోయింది. చటుక్కున ఆపాడు. చటుక్కున ఆగింది. నాన్న ముఖంలో అనుమానం పోయి ఇంకేదో వచ్చింది. నాకు ఊహ తెలిశాక ఆయన్ని అలా చూడలేదు. నన్ను మరచిపోయాడు, మామ్మని మరచిపోయాడు, తిప్పడం, ఆపడం, తొంగి చూడడం, తనలో తను నవ్వుకోవడం. చివరికి మామ్మే కసిరింది. "ఆటాడతన్నావేటి బాబూ! తిప్పు, ముహూర్తం ఎలిపోతాది!"

అప్పుడు వంగి తిప్పాడు, చూడండి. టూలు చివరిదాకా పోయి, వెనక్కి వచ్చి, గుర్తు కోసం ఆగి, మళ్లీ అదే గాడిలో ఇంకొంచెం లోతుగా దిగి బయల్దేరింది. మళ్లీ వచ్చింది, మళ్లీ దిగింది. ఎన్నిసార్లు వచ్చినా గాడి తప్పలేదు. షెడ్డంతా నిమ్మ వాసన. మావయ్య, పానా ఎక్కడో పెట్టేసి, ఒట్టి చేతులతో చప్పట్లు కొట్టాడు. తెర మీద నా ఉత్తుత్తి స్పిండిల్ ఐదువందల జోరు మీదున్నానని ఇంకా ఠీవిగా చెబుతూనే ఉంది, నాన్నేమో ఆయాసపడుతూ నిదానంగా తిప్పుతున్నాడు. ఇద్దరూ కలిసి ఆ ప్రోగ్రాముని నమ్మించేశారు.

దవడలు వదులు చేసి (మావయ్య జీవితంలో వదులు చెయ్యడానికి అంత తొందరపడ్డం అదొక్కసారే) నిమ్మకాయ తీసి మామ్మ చేతిలో పెట్టాను. దాని మీద మర మెలి తిరిగి ముచ్చటగా కూర్చుంది. మామ్మ కళ్లకద్దుకుని, "తిరిగింది. సాలు" అంది. మిల్లాయన, మోటారు వచ్చాక మిషను పంపించమని మావయ్యతో చేతులు కలిపాడు. నాన్న ఆ కాయ అడిగి తీసుకున్నాడు. బొటనవేలి గోరుతో గాడి వెంబడి మొదటి నుంచి చివరి దాకా మెల్లగా జరిపి చూశాడు. "ఇన్నేళ్లుగా బోల్టులు అమ్ముతన్నాను గానీ, మర ఎలాగ పుడతాదో ఇయాలే సూసినాను" అన్నాడు. ఆ తర్వాత కోచింగు అనే మాట ఆయన నోట రాలేదు. కారెక్కే ముందు, "పెట్టె తీసుకు రమ్మంటావా నాన్నా?" అని నేనే కావాలని అడిగాను. "పెట్టెందుకే? నీకు పనుంది కదా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఈసారి ఆపుకోలేదు. డిక్కీ నాన్నే మూశాడు.

మూసి, చేతులు చూసుకున్నాడు. అరచేతులు ఎర్రగా కందిపోయాయి. మిషను వైపు ఒకసారి చూసి, మామూలుగా ఏదో తోచి అడిగినట్టే అడిగాడు. "మోటారొచ్చేస్తే, ఇక మనిషి తిప్పక్కర్లేదు కదే?"

"అక్కర్లేదు నాన్నా! అసలు సెయ్యే పెట్టక్కర్లేదు" అన్నాను హుషారుగా. నా ఉద్యోగం నిలబడింది, నా ప్రోగ్రాము గెలిచింది, అంతకంటే మంచి కబురు ఆయనకి ఇంకేముంటుందనుకున్నాను. నాన్న తల ఊపి, "మంచిదే" అని కారెక్కాడు. కారు కదిలాక కూడా వెనక అద్దంలోంచి మిషనునే చూస్తున్నాడు. అప్పుడు మాత్రం నేను ఆయన చూసేది నన్నే అనుకుని గట్టిగా చెయ్యి ఊపాను.

ఆ తర్వాత ఎన్ని ఉత్తుత్తి స్పిండిళ్లు రాశానో. ఇప్పుడు అదే నా పని. పెద్ద పెద్ద మిషన్లు ఇంకా పుట్టకముందే కంప్యూటర్లో వాటిని తిప్పి చూపిస్తుంటాను, మూడు ప్రశ్నలకీ తడుముకోకుండా జవాబు చెప్పే నాలుగు ముక్కలే, అవే. నాన్న మాత్రం నేటికీ కొట్టుకి బోల్టుల కోసం ఎవరొచ్చినా మర వైపు వేలు చూపించి, దీన్ని తిప్పడం తనకి వచ్చని చెబుతాడట. నా స్పిండిళ్లు ఎంత బాగా తిరిగినా, ఆపమంటే ఆగిపోతాయి, అంతే. ఆగిన తర్వాత, ఆ రోజు నాన్న అడిగినట్టు, ఇక నాతో పని లేదు కదా అని వాటిలో ఒక్కటీ నన్ను అడగలేదు. అడిగి ఉంటే, ఇప్పుడైతే, "చూసి చెబుతాను" అనేదాన్ని.